నోటు మీద లేనాయన

ఎల్లయ్య రేకుముక్కతో బొమ్మ కింది దిమ్మెను గోకుతున్నాడు. నిన్న గోకిన చోటనే ఎవడో మళ్లీ గుట్కా ఉమ్మేసి పోయాడు. ఎండితే ఊడదు, తడిపితే పాకుతుంది. కొంచెం తడిపి, కొంచెం ఆగి, అంచు నుంచి లేపుకుంటూ రావాలి. ఒక పెళ్ల ఊడి చేతి మీద పడింది. "ఛీ" అన్నాడు. ఆ రోడ్డు మీద ఊడ్చేవాళ్లంతా ఆయనను ఛీ ఎల్లయ్య అనే పిలుస్తారు. మొహం కూడా ఆ మాటకు తగ్గట్టే తయారైంది. పై పెదవి ఎప్పుడూ ముక్కు దాకా ఎగబాకి ఉంటుంది. పక్కన ఏదో కుళ్లిందని, దాని సంగతి తనకొక్కడికే తెలుసని చెబుతున్నట్టుంటుంది ఆ మొహం.

కుళ్లనిది మాత్రం ఏముంది ఆ కూడలిలో. నల్లగండ్ల నుంచి ఐటీ టవర్ల వైపు రోడ్డు చీలే చోట మూడు మూలల తిన్నె ఒకటి ఉంది. దాని చుట్టూ తాగి పారేసిన టీ కప్పులు, సగం తిన్న బిర్యానీ పొట్లాలు, పార్టీల కండువాలు, పొద్దున్నే కార్ల అద్దాల్లోంచి విసిరేసిన పసిపిల్లల డైపర్లు. తిన్నె వెనక గోడకు మగవాళ్ల మూత్రం వాసన. గోడ అవతల అద్దాల భవనం. లోపలికి పోవాలంటే మెడలో కార్డు ఉండాలి, బయట గోడ మీద పోయడానికి ఏ కార్డూ అక్కర్లేదు.

తిన్నె మీద రెండు బొమ్మలున్నాయి. ఒకటి నెహ్రూది, రెండోది యజ్ఞనారాయణది. నెహ్రూ అందరికీ తెలుసు, లేదా తెలుసని అందరూ అనుకుంటారు. యజ్ఞనారాయణ ఈ ప్రాంతపు నాయకుడు. ఇక్కడ ఒకప్పుడున్న సర్కారు ఫ్యాక్టరీ మూతపడ్డాక దాని భూమిని ముక్కలు చేసి అమ్మించిన పెద్దమనిషి. చచ్చిపోయిన ఏడాదికే కొడుకులు బొమ్మ నిలబెట్టారు. ఇప్పుడు మాత్రం ఎవరు ఎవరో చెప్పడం కష్టం. ఎన్నికల కోడ్ వచ్చింది కాబట్టి ఇద్దరికీ తలనుంచి మోకాళ్ల దాకా ముతక గాడా గుడ్డ చుట్టేశారు. బొమ్మను చూస్తే ఓటరు మనసు మారుతుందట. బిర్యానీ పొట్లాన్ని చూస్తే మారదట.

ఆ గుడ్డలు చుట్టింది ఎల్లయ్యే. ఆ రోజు నిచ్చెన ఎక్కాక సూపర్‌వైజరు మహేందర్‌కు అనుమానం వచ్చింది, నెహ్రూను కప్పాలా వద్దా అని. ఆయన పార్టీ మనిషా, దేశం మనిషా? ఆఫీసుకు ఫోన్ చేశాడు. గాంధీని ముట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పారు, ఈయన సంగతి వాళ్లకూ తెలియలేదు. చివరికి మహేందరే తేల్చేశాడు.

"నోటు మీద ఉన్నాయనను ఇడిసిపెట్టున్రి. నోటు మీద లేనాయనను కప్పున్రి. సాఫ్ సీదా."

యజ్ఞనారాయణకు గుడ్డ చుడుతుంటే ఆయన కొడుకుల మనుషులు ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. మెడకు తాడు కట్టొద్దని, అది అపశకునమని అరిచారు. అందుకని నడుముకు మెత్తగా కట్టారు. నెహ్రూ కోసం ఎవరూ రాలేదు. ఎల్లయ్య ఒక్క లాగు లాగి తాడు మెడకే బిగించి దిగిపోయాడు.

అలా బిగించినందుకు ఆయనకేమీ బాధ లేదు. నెహ్రూతో ఆయనకు పుట్టినప్పటి నుంచీ పేచీ ఉంది. ఇప్పుడు ఈ అద్దాల భవనాలున్న చోట ఎల్లయ్య తండ్రికి రెండెకరాల జొన్నచేను ఉండేది. నెహ్రూ ఫ్యాక్టరీలు పెడుతున్నాడు, ఇంటికో నౌకరీ ఇస్తాడు అని చెప్పి చేను తీసుకున్నారు. ఢిల్లీలో ఉన్నాయనకు ఈ జొన్నచేను సంగతి తెలుసో లేదో, తండ్రి మాత్రం చచ్చేదాకా ఆ పేరు పెట్టే తిట్టాడు. తిట్టిన నోటితోనే కొడుకును నౌకరీకి పంపాడు. ఎల్లయ్య పెయింట్ షాపులో చేరి, తయారైన మిషన్లకు పచ్చరంగు వేశాడు. క్వార్టరు ఇచ్చారు. కూతురు సరిత ఫ్యాక్టరీ దవాఖానలోనే పుట్టింది, ఫ్యాక్టరీ బడిలోనే చదివింది. తర్వాత ఒకనాడు గేటుకు తాళం పడింది. చేను తిరిగి రాలేదు, నౌకరీ నిలవలేదు. దవాఖాన ఉన్న చోట ఇప్పుడు కాఫీ దుకాణం ఉంది. దాని ముందర ఎల్లయ్య చీపురు పట్టుకుని ఊడుస్తాడు. కాగితాల్లో వయసు తగ్గించి రాయించుకుంటే దొరికిన పని అది.

ఫ్యాక్టరీ ఆనవాలుగా మిగిలింది ఈ నెహ్రూ బొమ్మ ఒక్కటే. కార్మికులే చందాలు వేసుకుని గేటు ముందు నిలబెట్టారు. రంగుకు వేరే డబ్బు లేక, మిషన్లకు వేయగా మిగిలిన పచ్చరంగునే ఎల్లయ్య దానికీ పులిమాడు. చాలా ఏళ్లు అక్కడి నెహ్రూ లేత్ మిషన్ రంగులోనే ఉన్నాడు. తర్వాత ఎవరో కాంట్రాక్టరు దాని మీద తెల్లసున్నం కొట్టించాడు.

ఫ్యాక్టరీలో లేత్ మీద టర్నరుగా చేసిన పెద్దన్న అనే ఆయన ఒక్కడే ఏటా నవంబరు పద్నాలుగున దండ పట్టుకుని వచ్చేవాడు. కర్నూలు వైపు మనిషి, నేతపనివాళ్ల ఇంట్లో పుట్టినవాడు. వాళ్లమ్మ మగ్గం దగ్గర మిగిలిన నూలుతో తనే పేనుకున్న దండ అది. పొద్దున వేసి, సాయంత్రం తీసి, ఇంటికి తీసుకుపోయి ఉతికి, ఆరేసి, మళ్లీ ఏడాది దాకా పెట్టెలో దాచేవాడు. పూలదండ ఎందుకు తేవని ఎవరైనా అడిగితే, కుళ్లిపోతుంది కదప్పా అనేవాడు. నిచ్చెన పట్టుకోవడం ఎల్లయ్య పని. పట్టుకుని తిట్టడం కూడా ఎల్లయ్య పనే.

"మా అయ్య రెండెకరాలు మింగిండు నీ నెహ్రూ."

"నీకు కూడు పెట్టినాడు కదప్పా. నీ బిడ్డ యాడ పుట్టింది?"

ఎల్లయ్య ఛీ అని మొహం తిప్పుకునేవాడు. పెద్దన్న నవ్వేవాడు.

ఇవాళ పద్నాలుగో తారీఖు. పెద్దన్న మాత్రం మదీనాగూడలో ఒక దవాఖానలో పడి ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఎల్లయ్య దిమ్మె గోకడం అయిపోయే వేళకు పెద్దన్న కోడలు శ్రావణి స్కూటీ ఆపింది. అద్దాల భవనంలోనే ఆమె ఉద్యోగం. కళ్లు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. బ్యాగులోంచి ఒక గుడ్డసంచి తీసి ఇచ్చింది. లోపల నూలుదండ, మడత నలగకుండా చుట్టి ఉంది.

"రాత్రంతా ఇదే మాట మామా. దండ ఏసినారా, ఏసినారా అని. ఒకసారి మాట్లాడండి" అంటూ వీడియో కాల్ కలిపింది.

అవతల పెద్దన్న కొడుకు కిరణ్ ఫోన్ పట్టుకున్నాడు. పెద్దన్న మొహం సగం ఆక్సిజన్ మాస్కు కింద ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. నోటి మూల నుంచి చొంగ కారి మెడ దాకా ఎండింది, ఎవరూ తుడవలేదు. మనిషిని ఇంత పెద్ద దవాఖానలో పడేసి, అంతంత పైసలు గుంజుకుని, చొంగ తుడిచే దిక్కు లేదా అని ఎల్లయ్య మండిపోయాడు.

"ఆయనకు మొగం మూసినారంట కదా ఎల్లయ్యా" అన్నాడు పెద్దన్న. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు పడుతోంది. "నాకూ మూసినారు సూడు."

"నువ్ మాట్లాడకు. ఆయాసమొస్తది."

"మెడలో ఎయ్యి. గుడ్డ మీద కాదు, మెడలో. ఒక ఫొటో పంపించు. సూసి నిద్దరపోతా."

"కోడ్ ఉంది పెద్దన్నా. గుడ్డ ముడ్తె నా నౌకరీ పోతది."

పెద్దన్న అది వినలేదు, లేదా వినదలుచుకోలేదు. "సాయంత్రం తీసి ఈ ఏడు నువ్వే ఉతుకప్పా. సబ్బు ఎక్కువ పెట్టాకు" అన్నాడు. దగ్గు వచ్చింది. కిరణ్ ఫోన్ పెట్టేశాడు.

శ్రావణి తన నంబరు ఎల్లయ్య ఫోన్‌లోకి ఎక్కించి, ఆయన నంబరు తీసుకుని, స్కూటీ మీద లోపలికి వెళ్లిపోయింది. ఎల్లయ్య సంచిని చెత్తబండి కొసకు తగిలించబోయి, బండి వైపు చూసి ఛీ అనుకుని, చొక్కా లోపల పెట్టుకున్నాడు.

మహేందర్ బండి మీద వచ్చాడు. ఎల్లయ్య విషయం చెప్పి, జరసేపు గుడ్డ తీస్తానన్నాడు.

"దిమాక్ ఖరాబైందా? ఎవడో ఫొటో కొట్టి పైకి పంపిస్తడు. గంటలోపు నా మీదికొస్తరు. నీ డ్యూటీ పోతది, నా డ్యూటీ పోతది. ఎలక్షన్లయినంక నీ ఇష్టం. అప్పటిదాంక దాని దిక్కు చూడకు."

"మనిషి పోయేటట్టున్నడు మహేందర్."

"పోయేటోడు ఈ బొమ్మను చూస్కుంట పోతడా ఏంది" అని మహేందర్ బండి స్టార్ట్ చేశాడు. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగాడు. "ఇగో, అపార్ట్‌మెంటోళ్లు ఒస్తున్నరు. బాలల దినోత్సవమంట. అంత సాఫ్ చేసి పెట్టు."

పదింటికల్లా వాళ్లు వచ్చారు. దగ్గర్లోని గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు. కార్యదర్శి రామాంజనేయులు ఇస్త్రీ మడత నలగని తెల్ల కుర్తాలో ఉన్నాడు. పిల్లలందరికీ కాగితం టోపీలు పెట్టి, చొక్కాలకు ప్లాస్టిక్ గులాబీలు గుచ్చారు. రెండు ముసుగుల ముందు నిలబడి ఆయన కాసేపు తటపటాయించాడు. తర్వాత పొడుగ్గా ఉన్న దాన్ని, నడుముకు తాడు మర్యాదగా కట్టి ఉన్న దాన్ని చూసి నిశ్చయించుకున్నాడు.

"కోడ్ ఉందండి, ముసుగు తీయకూడదు. పైనే వేసేద్దామండి. పిల్లలూ, ఇటు రండి, ఈయనే చాచా నెహ్రూ!"

అది యజ్ఞనారాయణ. ఎల్లయ్య చీపురుతో ముందుకు వచ్చి, అది కాదు సార్ అనబోయాడు.

"జరుగవయ్యా, జరుగు. ఫొటోలో పడుతున్నావు" అన్నాడు రామాంజనేయులు.

ఎల్లయ్య జరిగాడు. ఫ్యాక్టరీ భూమిని తునకలు చేసి అమ్మించినవాడి మీద బంతిపూల దండ పడింది. పిల్లలు వరసగా వచ్చి వాడి కాళ్ల దగ్గర గులాబీలు పెట్టారు. ఒక పాప దండం కూడా పెట్టింది. తల్లులు చప్పట్లు కొట్టారు. రామాంజనేయులు దేశానికి నెహ్రూ చేసిన సేవ గురించి మైకులో మాట్లాడాడు. ఆనకట్టలన్నాడు, ఫ్యాక్టరీలన్నాడు. ఏ ఫ్యాక్టరీ నేల మీద నిలబడి అంటున్నాడో అడిగేవాళ్లు లేరు. తర్వాత కేకు కోశారు. పిల్లలు తిన్నది కొంత, మొహాలకు పూసుకున్నది కొంత, తొక్కింది మిగతా అంతా. ఒక పిల్లవాడు ఎండకు తాళలేక నెహ్రూ దిమ్మె మీద, ఎల్లయ్య గోకిన చోటనే, కక్కుకున్నాడు. వాళ్లమ్మ పిల్లవాడి మూతి తుడిచి, ఆ టిష్యూ కూడా అక్కడే పడేసి వెళ్లింది.

అందరూ పోయాక ఎల్లయ్య, ఆయనతో ఊడ్చే ఈరమ్మ కలిసి ఎత్తిపోశారు. క్రీము చీపురు పుల్లలకు అంటుకుని పట్టాన వదల్లేదు. చీమలు బారులు తీరాయి. కేకు, వాంతి, బంతిపూలు అన్నీ కలిసిన పుల్లటి వాసన మధ్యాహ్నపు ఎండకు పైకి లేస్తోంది.

"తప్పు బొమ్మకేసిన్రని చెప్పకపోయినవా?" అంది ఈరమ్మ.

"ఎందుకు చెప్పాలె? ఎవనికి వెయ్యాల్నో ఈళ్లకు మంచిగనే ఎరుక. ఆడు భూములు అమ్మకపోతె ఈళ్లకు ఇండ్లెక్కడివి?" అని ఎల్లయ్య ఉమ్మబోయి, తను ఉమ్మితే మళ్లీ తనే గోకాలని గుర్తొచ్చి మింగేశాడు.

డ్యూటీ అయిపోయింది. ఇంటికి పోలేదు. చొక్కా లోపల నూలుదండ పొట్టకు ఆనుకుని గుచ్చుకుంటోంది. టీ కొట్టు దగ్గర కూర్చుని బొమ్మ వైపు చూశాడు. ఎక్కి తాడు విప్పితే అయిపోయే పని. కానీ సిగ్నలు దగ్గర ఎన్ని కార్లు ఆగుతాయి, ఎన్ని ఫోన్లు బయటికొస్తాయి. ఒక్కడు నొక్కితే చాలు. ఈ వయసులో ఇంకో పని ఎవడిస్తాడు. కూతురి పంచన పడి, అల్లుడు చూసే చూపు చూడాలా? సరే, జనం పలచబడనీ అనుకున్నాడు. మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు వచ్చారు. వాళ్లు లోపలికి పోనీ అనుకున్నాడు. ఒక పార్టీ వాళ్ల జీపులు పాటలు పెట్టుకుని, కాగితాలు విరజిమ్ముకుంటూ పోయాయి. అవి పోనీ అనుకున్నాడు. ఇంత భయం తనలో ఎప్పుడు చేరిందో ఎల్లయ్యకు తెలియలేదు. ఎవరెవరినో చూసి జీవితమంతా పెదవి విరిచాడు గానీ, ఆ సాయంత్రం టీ కొట్టు బల్ల మీద తనను తాను చూసుకుంటే అన్నిటికన్నా రోత పుట్టింది.

పొద్దు వాలుతుండగా లేచాడు. కొట్టు వెనక దాచిన నిచ్చెన తెచ్చి నెహ్రూకు ఆనించాడు. ఇంటికి పోబోతున్న ఈరమ్మ చూసి పరుగున వచ్చింది.

"ఏందే గిది? పాగలైనవా?"

"పట్టుకో. నా ఫోన్ల కెమెరా లేదు, నీ దాంట్ల ఫొటో గుంజాలె."

ఈరమ్మ నిచ్చెన పట్టుకుంది. పెద్దన్నను ఆమెకూ తెలుసు. ఏటా ఆమె చేతిలో కూడా ఒక మిఠాయి ముక్క పెట్టేవాడు.

మెడ దగ్గరి తాడు తనే బిగించింది, విప్పడానికి తనకే చాతకాలేదు. వానలకు ముడి ఉబ్బి గట్టిపడింది. పళ్లతో కొరికాడు. నోట్లోకి మట్టి, పాచి రుచి వచ్చింది. గుడ్డ కిందికి లాగగానే గుప్పున ముక్కిన వాసన కొట్టింది. లోపల నెలకు పైగా తడిసి ఆరి, ఆరి తడిసి, మొహమంతా నల్లటి బూజు పట్టింది. చెవి గుంటలో సాలీడు గుడ్లు పెట్టింది. టోపీకీ నుదుటికీ మధ్య ఒక బల్లి చచ్చి, ఎండి అతుక్కుపోయింది. ఎల్లయ్య ఛీ అన్నాడు. అయినా దిగలేదు. నడుముకున్న తువ్వాలు తడిపి ఇమ్మన్నాడు. బల్లిని వేళ్లతోనే పీకి పారేశాడు. కళ్లు తుడిచాడు, ముక్కు పక్కలు తుడిచాడు, నోటి మూలలు తుడిచాడు. అక్కడ తుడుస్తున్నప్పుడు పొద్దున ఫోన్‌లో చూసిన చొంగ గుర్తొచ్చి చెయ్యి కొంచెం మెల్లగా ఆడింది. నానిన సున్నం పెళ్లలు పెళ్లలుగా ఊడింది. బుగ్గ మీద పచ్చరంగు బయటపడింది. తను పులిమిన రంగే.

"మా అయ్య చేను మింగితివి. ఇన్నేండ్లసంది నీ మొకం కడిగే కర్మ నాకే పెడితివి" అన్నాడు బొమ్మతో. గొంతులో మునుపటి కారం లేదు.

చొక్కా లోంచి దండ తీసి మెడలో వేశాడు. ఈరమ్మ ఫొటో తీసింది. వెలుతురు చాలలేదని ఇంకొకటి తీసింది. నిచ్చెన మీద నిలబడే ఎల్లయ్య రోడ్డు వైపు తిరిగాడు. సిగ్నలు ఎర్రగా ఉంది. కార్లు, బస్సులు, బైకులు కనిపించినంత దూరం ఆగి ఉన్నాయి. ముసుగు తీసిన బొమ్మ, దాని మెడలో దండ, పక్కన నిచ్చెన మీద మనిషి, అన్నీ వాళ్ల కళ్ల ముందే ఉన్నాయి. ఒక్కడు తల ఎత్తలేదు. అందరి మొహాలూ ఎవరి ఫోన్ల వెలుగులో వాళ్లవి ఉన్నాయి. ఒకడు అద్దం దించాడు. ఎల్లయ్య నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. వాడు బయటికి ఉమ్మి, అద్దం ఎత్తేసుకున్నాడు.

వీళ్లకా తను పొద్దంతా భయపడింది!

"ఫొటో పంపు. ఇగో, శ్రావణి నంబరు" అన్నాడు దిగుతూ. ఈరమ్మ పంపింది. కాసేపటికి ఎల్లయ్య ఫోనే మోగింది.

"మామా" అంది శ్రావణి. వెనక అంబులెన్సు కూత వినిపిస్తోంది. "మా మామ లేడు మామా. మూడు గంటలప్పుడే పోయినాడు. మీకు చెప్పాలనే ధ్యాస లేకపోయింది. ఊరికి తీసుకపోతా ఉన్నాం. ఇప్పుడే బయలుదేరినాం."

మూడు గంటలప్పుడు ఎల్లయ్య టీ కొట్టు దగ్గర, జీపులు పోనీ అని కూర్చుని ఉన్నాడు.

"ఫొటో అడిగిండా?" అన్నాడు ఎల్లయ్య.

"మధ్యాహ్నం నేను దవాఖానకు పోగానే అడిగినాడు మామా. వచ్చింది, బాగుంది అని చెప్పినాను. నా ఫోన్‌లో పోయిన ఏటిది ఉంటే చూపించినా. అది కాదులే అన్నాడు."

అంబులెన్సు కూతతో పాటు ఫోన్ కట్టయింది. ఎల్లయ్య ఫోన్ జేబులో పెట్టుకుని దిమ్మె మీద కూర్చున్నాడు. కింద పిల్లవాడు కక్కిన మరక పూర్తిగా పోలేదు, వాసన ఇంకా వస్తోంది. ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎల్లయ్యకు ఏడుపు రాలేదు.

"దండ తీస్తవా?" అంది ఈరమ్మ.

"తీసి?"

తీస్తే ఇంటికి పట్టుకుపోవాలి. ఉతకాలి. ఆరేసి పెట్టెలో పెట్టాలి. ఆ ఇంటివాళ్లు అంబులెన్సులో పోతున్నారు. తెరిచి వదిలేస్తే తెల్లారేలోగా పొగ పడుతుంది, కాకి రెట్టేస్తుంది, ఎవడో తాగినోడు లాక్కుని మూతి తుడుచుకుంటాడు. ఎల్లయ్య మళ్లీ నిచ్చెన ఎక్కాడు. దండ మడతలు సర్దాడు. గుడ్డ దులిపి, లోపలి వైపు బయటికి తిప్పి, తలమీద నుంచి కప్పాడు. తాడు మెడకు వేయలేదు. నడుముకు వేసి, మెత్తగా కట్టి దిగాడు.

ఎన్నికలు అయిపోయాయి. కోడ్ ఎత్తేసిన పూటే యజ్ఞనారాయణ కొడుకులు బ్యాండు మేళంతో వచ్చి తండ్రి ముసుగు తీశారు, పాలు పోశారు, టపాకాయలు కాల్చారు. ఆ పాలు విరిగి తిన్నె నాలుగు రోజులు కంపు కొట్టింది. కొత్త కాంట్రాక్టరు వచ్చి ముసలివాళ్లనందరినీ పనిలోంచి తీసేశాడు. ఎల్లయ్య చీపురు మహేందర్‌కు అప్పగించి, ఛీ అని కూడా అనకుండా బాచుపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

నోటు మీద లేనాయన ముసుగు ఎవరూ తీయలేదు. గాడా గుడ్డ అంచు కింద నుంచి నూలుదండ కుచ్చు ఒకటి బయటికి జారి, ఉతికే చెయ్యి లేక, బస్సుల పొగకు రోజురోజుకూ నల్లబడుతూ వేలాడుతోంది.